గోడలూ, చీటీలూ: వేల ఫోటోలను అమర్చడం ఎలా?

మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే ఒకసారి తెరిచి చూడండి. నల్లటి అట్టల మీద అంటించిన ఫోటోలు ఏ యాభయ్యో, అరవయ్యో ఉంటాయి. ఆ రోజుల్లో కెమెరాలో వేసే పెద్ద రీలుకు 36 బొమ్మలు వచ్చేవి. రీలు కొనాలి, కడిగించాలి, అచ్చు వేయించాలి. అన్నిటికీ డబ్బు కావాలి. అందుచేత ప్రతి బొమ్మనూ ఆచితూచి తీసేవారు. ఫోటోలు తక్కువ కాబట్టి వాటిని సర్దడం ఒక సమస్యే కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. మీ ఇంట్లో అందరి సెల్‌ఫోన్లూ కలిపి రోజుకు 11 ఫోటోలు తీస్తున్నాయనుకోండి. ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. కాని ఆరేళ్లలో ఎన్నవుతాయి? 11 × 365 × 6 = 24,090. సులువుగా ఉండటానికి 24,000 అనుకుందాం. ఒక్కొక్క ఫోటోను ఒక్క సెకను మాత్రమే చూసినా, అన్నీ చూడటానికి 24,000 సెకన్లు, అంటే 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఒక్కొక్కటి సగటున 3 మెగాబైట్లు అయితే మొత్తం 72,000 మెగాబైట్లు, అంటే సుమారు 72 గిగాబైట్లు. 64 గిగాబైట్ల ఫోనులో ఇవి పట్టనే పట్టవు.

కనుక వాటిని కంప్యూటరులోకి మార్చాలి. వేరువేరు విభాగాలుగా సర్దాలి. ఇలా ఫోటోలనూ, వాటి వివరాల పట్టికనూ కలిపి ఒకచోట దాచిన భాండాగారాన్ని ‘ఫోటో లైబ్రరీ’ అంటారు. ఒక లైబ్రరీ తెరిచి ఉన్నప్పుడు ఇంకొక లైబ్రరీలోని ఫోటోలు సాధారణంగా కనిపించవు, వెతికినా దొరకవు. రెండింటి మధ్య గోడ ఉన్నట్లే లెక్క. అయితే ఆ గోడను ఎక్కడ కట్టాలి? ఇదే మన నేటి పాఠం.

తేదీ చేసే మేలు

ముందుగా ఒక ఆట. నేను 1 నుంచి 24,000 లోపు ఒక సంఖ్యను తలచుకున్నాను. మీరు ఎన్ని ప్రశ్నలలో కనుక్కోగలరు? ‘12,000 కంటె ఎక్కువా?’ అని అడగండి. జవాబు ఏదైనా సరే, సగం సంఖ్యలు పోతాయి. మిగిలిన 12,000లో మళ్లీ సగం, 6,000 పోతాయి. తరువాత 3,000, 1,500, 750... ఇలా సగం సగం చేస్తూ పోతే 15 ప్రశ్నలలో మీకు జవాబు దొరికి తీరుతుంది. ఎందుకంటే 2ను 15 సార్లు హెచ్చిస్తే 32,768 వస్తుంది. అది 24,000 కంటె ఎక్కువ.

ఫోటోలు తేదీల వరుసలో ఉంటే ఇదే పద్ధతి పనికివస్తుంది. 2021 ఆగస్టు 15న తీసిన ఫోటో కావాలనుకోండి. మధ్య ఫోటో తేదీ చూడండి. అది 2021 ఆగస్టు 15 కంటె ముందుదైతే వెనుక సగంలో, తరువాతిదైతే ముందు సగంలో వెతకండి. 24,000 సార్లు చూడవలసిన చోట 15 సార్లు చూస్తే చాలు. వరుసలో పెట్టడం వల్ల కలిగే లాభం ఇంత!

ఈ తేదీ ఎక్కడి నుంచి వస్తుంది? ఫోటో తీసిన క్షణంలోనే కెమెరా ఆ ఫైలులో బొమ్మతో పాటు కొన్ని వివరాలు కూడా రాసి పెడుతుంది. తీసిన తేదీ, సమయం, కెమెరా రకం, ఎంతసేపు వెలుతురును లోపలికి రానిచ్చింది వంటివి అందులో ఉంటాయి. మీరు అనుమతి ఇచ్చి ఉంటే తీసిన చోటు అక్షాంశ, రేఖాంశాలు కూడా ఉంటాయి. ఈ పద్ధతికి ‘ఎక్సిఫ్’ అని పేరు. ఇది 1995లో జపాన్‌లో రూపొందింది.

అయితే ఈ తేదీని గుడ్డిగా నమ్మరాదు. కెమెరా గడియారం తప్పుగా ఉంటే తేదీ కూడా తప్పే. 1978 నాటి పెళ్లి ఫోటోను 2024లో స్కాన్ చేస్తే, ఫైలులో సాధారణంగా 2024 అనే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఎక్సిఫ్ వివరాలు పోతాయి. బొమ్మ పరిమాణం కూడా తగ్గుతుంది. అందుకే ముఖ్యమైన ఫోటోను పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపడం మంచిది. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్లు వెళుతుంది. తీసిన చోటు వివరం కూడా వెళుతుందని మాత్రం మరువకండి. కొత్తవారికి అలా పంపకూడదు.

ఒకే ఫోటో, అనేక ముఖాలు

తేదీ తెలిస్తే సరే. తెలియకపోతే? మనం ఎప్పుడూ ‘2019 మే 12 ఫోటో ఏది?’ అని అడగం. ‘నాయనమ్మ ఉన్న ఫోటోలు ఏవి?’ అని అడుగుతాం.

ఒక సందర్భం ఊహించండి. ఒక ఇంట్లో నాయనమ్మ చనిపోయింది. పటం కట్టించడానికి ఆమె ఫోటో కావాలి. ఇంట్లో ‘నాయనమ్మ’ అనే ఫోల్డరు ఉంది. అందులో మూడు ఫోటోలు ఉన్నాయి. మూడింటిలోనూ ఆమె మంచం మీద నీరసంగా ఉంది. ఆమె హాయిగా నవ్విన ఫోటో ఒకటుంది. కాని అది పెళ్లి పందిట్లో నలుగురితో కలిసి తీసినది. కాబట్టి ‘పెళ్లిళ్లు’ ఫోల్డరులో ఉంది. ఆ ఫోల్డరులో అంతకు ముందే ఎవరో చోటు కోసం ‘గుంపు ఫోటోలెందుకు?’ అని కొన్ని తుడిచివేశారు. పోయినవాటిలో ఆ ఫోటో కూడా ఉంటే ఇక చేయగలిగింది లేదు. లెక్క తప్పితే మళ్లీ చేయవచ్చు. పాఠం మరిచిపోతే మళ్లీ చదవవచ్చు. వెళ్లిపోయిన మనిషి ఫోటోను మళ్లీ తీయలేం.

ఇక్కడ జరిగిన పొరపాటు ఏమిటి? ఆ ఫోటోలో నాయనమ్మ ఉంది, పెళ్లి ఉంది, ఊరు ఉంది, వేసవి ఉంది. అన్నీ ఉన్న ఒక ఫోటోను ఒకే ఒక గదిలో పెట్టి, గోడ కట్టేశారు. మిగతా మూడు వైపుల నుంచి దానికి దారి లేకుండా పోయింది.

ఈ చిక్కు పుస్తకాలకూ ఉన్నదే. దీనికి చక్కని మార్గం చూపినవారు షియాళి రామామృత రంగనాథన్ (1892–1972). ఆయన మద్రాసులో గణితశాస్త్ర ఉపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథాలయాధికారి అయ్యారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. ఒక పుస్తకాన్ని ఒకే పెట్టెలో ఇరికించకుండా, దాని విషయాన్ని విడివిడి ముఖాలుగా విడదీసి, ఆ ముఖాల గుర్తులను కలిపి రాయాలని ఆయన భావించారు. మెకానో ఆటబొమ్మలో కొద్దిపాటి ముక్కలతోనే రకరకాల బొమ్మలు కట్టవచ్చు కదా! అలాంటిదే ఈ పద్ధతి. ‘ద్విబిందు వర్గీకరణ’ అనే ఈ విధానం 1933లో వెలువడింది. చదువరి సమయం వృథా కాకూడదన్నది ఆయన నమ్మిన సూత్రాలలో ఒకటి.

రంగనాథన్ చెప్పిన అయిదు ముఖాలలో స్థలం, కాలం కూడా ఉన్నాయి. మన ఫోటోల పనికి అయిదు ప్రశ్నలుగా ఇలా పెట్టుకుందాం: ఎవరు? ఏ వస్తువు? ఏ పని? ఎక్కడ? ఎప్పుడు? ఆ పెళ్లి ఫోటోకు ‘నాయనమ్మ’, ‘పందిరి’, ‘పెళ్లి’, ఊరి పేరు, ‘2019 మే’ అని అయిదు చీటీలు తగిలిస్తే, ఎటు నుంచి వెతికినా అది దొరుకుతుంది. ఫోటో మాత్రం ఒక్కటే, నకళ్లు అక్కరలేదు. ఫోటోలు చూసే ప్రోగ్రాములలో ఈ చీటీలనే ‘ట్యాగులు’ అంటారు. ఉచితంగా లభించే ‘డిజికామ్’ వంటి ప్రోగ్రాములలో ఈ ఏర్పాటు ఉంది. ముఖాలను పోల్చి ఒకచోట చేర్చే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అయితే ఆ ముఖం ఎవరిదో పేరు చెప్పవలసింది మీరే. పేర్లు తెలిసిన పెద్దవారు ఉండగానే వారి పక్కన కూర్చుని ఈ పని చేయించుకోండి.

గోడల లెక్క

చీటీలకు బదులు గోడలే కడితే ఏమవుతుంది? లెక్క వేద్దాం. నాయనమ్మ ఉన్నవి, లేనివి అని రెండు గదులు. ఒక్కొక్క గదినీ పండుగవి, కానివి అని మళ్లీ రెండు చేస్తే నాలుగు గదులు. ఇలా 5 లక్షణాలకు 32 గదులు, 10 లక్షణాలకు 1,024 గదులు కావాలి! వాటిలో చాలావరకు ఖాళీగా ఉంటాయి. అదే చీటీలైతే పది లక్షణాలకు పది చీటీలే చాలు. గోడలు గుణిజంలో పెరుగుతాయి. చీటీలు కూడికలో పెరుగుతాయి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

మరి గోడలు పూర్తిగా వద్దా? అలా కాదు. మంచి గోడకు మన హైదరాబాదులోనే ఒక ఉదాహరణ ఉంది.

1887లో ప్యారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని తీర్మానించారు. ఒక్క వేధశాల చేయగలిగిన పని కాదు. భూమి మీద అక్షాంశాలు ఉన్నట్లే ఆకాశానికి కూడా ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరంగా, దక్షిణంగా డిగ్రీలు ఉన్నాయి. వాటిని బట్టి ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఇంచుమించు ఇరవై వేధశాలలకు పంచారు. హైదరాబాదులోని నిజామియా వేధశాల వంతుకు మొదట దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, తరువాత ఉత్తరంగా 36 నుంచి 39 డిగ్రీల పట్టీ వచ్చాయి. ఆ గాజు పలకల ఫోటోల నుంచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడ కొలిచి ప్రకటించారు.

ఈ పంపకంలోని అందం గమనించండి. ‘ప్రకాశవంతమైన నక్షత్రాలు నీకు, ఎర్రనివి నాకు’ అని పంచుకుని ఉంటే ప్రకాశవంతమైన ఎర్ర నక్షత్రం ఎవరిది? తగవు వచ్చేది. డిగ్రీలతో పంచుకున్నారు కాబట్టి ఒక నక్షత్రానికి ఒకే పట్టీ. దీని నుంచి మనం మూడు నియమాలు నేర్చుకోవచ్చు.

1. విభజనకు ఒకే ప్రాతిపదిక ఉండాలి.
2. ఒక వస్తువు రెండు భాగాలలోకి రాకూడదు.
3. ఏ వస్తువూ ఏ భాగానికీ చెందకుండా మిగిలిపోకూడదు.

‘కుటుంబం, పండుగలు, ప్రయాణాలు’ అని మూడు లైబ్రరీలు పెట్టారనుకోండి. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు తీసిన ఫోటో ఎందులో పెడతారు? మూడింటిలోనూ పెట్టవచ్చు! మూడు ప్రాతిపదికలు కలిసిపోయాయి కాబట్టే ఈ చిక్కు.

ఎక్కడ గోడ కట్టవచ్చు?

గోడ కట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. చూసేవారు వేరా? దాచవలసిన కాలం వేరా? రెండింటినీ కలిపి వెతికే అవసరం అరుదా? మూడింటికీ ‘అవును’ అని జవాబు వస్తేనే గోడ కట్టండి. లేకపోతే చీటీ అంటించండి.

ఉదాహరణకు ‘ఎవరి కోసం, ఎందుకోసం తీశాం?’ అన్నది ప్రాతిపదికగా పెట్టుకుందాం. ఇంటివారి జ్ఞాపకాల కోసం తీసినవి ‘ఇల్లు’ లైబ్రరీలోకి వెళతాయి. సైన్సు క్లబ్బు ప్రయోగాలు, మొక్కల ఎదుగుదల, వార్షికోత్సవం వంటివి ‘బడి’ లైబ్రరీలోకి వెళతాయి. రేషను కార్డు, ఆధార్ కార్డు, కరెంటు బిల్లు, నోట్సు పేజీలు, స్క్రీన్‌షాట్లు ‘పనులు’ లైబ్రరీలోకి వెళతాయి. బడిలో పెద్ద తెర మీద ప్రయోగం ఫోటో చూపుతుంటే మధ్యలో మీ అమ్మగారి ఆధార్ కార్డు కనబడకూడదు కదా! ఇల్లు ఫోటోలు తరతరాలకు ఉండాలి. బిల్లు ఫోటో ఏడాది తరువాత అక్కరలేకపోవచ్చు. కనుక ఈ గోడలు న్యాయమైనవే.

సరిహద్దు మీద కొన్ని ఫోటోలు తప్పక నిలుస్తాయి. వార్షికోత్సవంలో మీరు పాట పాడుతున్న ఫోటో ఏ లైబ్రరీది? బడి రికార్డు కోసం తీస్తే బడిది. మీ నాన్నగారు తన ముచ్చట కొద్దీ తీస్తే ఇంటిది. నియమాన్ని ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ఈ రోజు ఒకలా, రేపు ఒకలా చేస్తే అసలు నియమమే లేనట్లు.

విడదీసేటప్పుడు జాగ్రత్తలు

ఫోటోలు ఎక్కువగా పోయేది సర్దనప్పుడు కాదు, సర్దేటప్పుడు! అందుచేత ఈ వరుసను తప్పకండి.

మొదట మొత్తం ఫోటోలకు ఇంకొక హార్డు డిస్కులో నకలు తీయండి. ఆ డిస్కును పక్కన పెట్టి, పని పూర్తయ్యేదాకా ముట్టుకోకండి.

రెండవది, పేర్లు చూసి మోసపోకండి. చాలా కెమెరాలు ఫైలు పేరు చివర 0001 నుంచి 9999 వరకు అంకెలు వేసి, తరువాత మళ్లీ 0001కి వస్తాయి. రెండు కెమెరాల ఫోటోలలో కూడా ఒకే పేరు ఉండవచ్చు. పేరు ఒకటే, బొమ్మలు వేరు! ఒకే ఫోల్డరులో వేసినప్పుడు ‘పాతదాని స్థానంలో కొత్తది పెట్టనా?’ అని కంప్యూటరు అడిగితే, అవునని నొక్కారో పాత ఫోటో పోయినట్లే. ‘రెండూ ఉంచు’ అని చెప్పండి. పేర్లకు ముందు 2021-08-15 అని సంవత్సరం, నెల, రోజు వరుసలో తేదీ చేర్చడం ఇంకా మంచిది. అప్పుడు అక్షరక్రమంలో పెట్టినా అవి కాలక్రమంలోనే నిలుస్తాయి.

మూడవది, చీటీలను ఫోటో ఫైలులోనే రాసే ఏర్పాటు ఎంచుకోండి. కొన్ని ప్రోగ్రాములు వాటిని తమ సొంత పట్టికలో మాత్రమే దాచుకుంటాయి. ఫోటోను వేరే లైబ్రరీకి మార్చినప్పుడు చీటీలు అక్కడే ఉండిపోతాయి.

నాలుగవది, లెక్క సరిచూడండి. మొదట 24,000 ఉన్నాయి. ఇప్పుడు ఇల్లు 17,400, బడి 2,600, పనులు 4,000 అనుకోండి. కూడితే 24,000 రావాలి. ఒక్కటి తగ్గినా ఆగి వెతకండి. ప్రతి లైబ్రరీలోనూ పాతవి, కొత్తవి పది ఫోటోలు తెరిచి కూడా చూడండి. పేరు ఉన్నంత మాత్రాన లోపల బొమ్మ బాగున్నట్లు కాదు.

చివరిది తుడిచివేత. అది ఎప్పుడూ చివరిదే! కొన్ని వారాలు కొత్త లైబ్రరీలను వాడి చూసిన తరువాతే ఫోనులోని పాతవాటిని తీసివేయండి. ఆ తరువాత కూడా ఇల్లు లైబ్రరీకి మూడు ప్రతులు ఉండేట్లు చూడండి. వాటిలో ఒకటి బంధువుల ఇంట్లోనో, మరెక్కడో ఉండాలి. వరద వచ్చినా, దొంగతనం జరిగినా అన్నీ ఒకేసారి పోకూడదు.

చేసి చూడండి

చీటీలు ఎలా పనిచేస్తాయో కంప్యూటరు లేకుండానే చూడవచ్చు. పోస్టుకార్డంత అట్టముక్కలు 20 తీసుకోండి. అన్నిటినీ దొంతిగా పెట్టి, పై అంచుకు దగ్గరగా ఒకే వరుసలో 5 రంధ్రాలు చేయండి. అన్ని అట్టల కుడి పై మూల కొద్దిగా కత్తిరించండి. అప్పుడు ఏ అట్ట అయినా తిరగబడితే వెంటనే తెలుస్తుంది. ఒక్కొక్క అట్ట మీద ఒక ఫోటో వివరం రాయండి. రంధ్రాలకు వరుసగా నాయనమ్మ, పెళ్లి, పండుగ, ఊరు, బడి అని పేర్లు పెట్టండి. ఫోటోలో నాయనమ్మ ఉంటే మొదటి రంధ్రాన్ని పై అంచుదాకా కత్తిరించి తెరవండి. లేకపోతే రంధ్రాన్ని అలాగే ఉంచండి. మిగతావీ అంతే.

ఇప్పుడు అట్టలను ఏ వరుసలోనైనా కలిపి దొంతి పెట్టండి. మొదటి రంధ్రాలలోకి ఒక సైకిలు చక్రపు పుల్లను దూర్చి పైకెత్తి, మెల్లగా కుదపండి. నాయనమ్మ ఉన్న అట్టలన్నీ కిందికి రాలిపడతాయి! రాలినవాటిని మళ్లీ దొంతి పెట్టి రెండవ రంధ్రంలో పుల్ల దూర్చండి. ఇప్పుడు రాలినవి నాయనమ్మ ఉన్న పెళ్లి ఫోటోలు. ఒక్క గోడ కూడా కట్టకుండా మీరు కావలసిన ఫోటోను పట్టుకున్నారు.

ఆలోచించండి

1. ఒక లక్ష ఫోటోలు తేదీల వరుసలో ఉంటే, సగం సగం చేసే పద్ధతిలో కావలసినదాన్ని ఎన్నిసార్లు చూసి పట్టుకోవచ్చు?

2. ‘మనుషులు, జంతువులు, చెట్లు’ అని మూడు లైబ్రరీలు పెడితే మన మూడు నియమాలలో ఏవి తప్పుతాయి? ఒక్కొక్కదానికి ఒక ఫోటోను ఉదాహరణగా చూపండి.

3. మీ బడి గ్రంథాలయానికి వెళ్లి చూడండి. అక్కడ గోడలు ఏవి? చీటీలు ఏవి?

ఈ ఆదివారం అన్ని ఫోటోలూ సర్దాలని కూర్చోకండి, విసుగు పుడుతుంది. మీ ఇంట్లోని పెద్దవారు ఉన్న ఫోటోలు ఇరవై వెతికి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వారినే అడిగి చీటీలు తగిలించండి. మిగతావి వచ్చే వారమైనా ఉంటాయి.